పాటలు ఆపితే పెట్రోలు మిగులుతుందా?

మా మావయ్యది పెట్రోలు కారు, కొని తొమ్మిదేళ్లయింది. దాంట్లో ఒకసారి విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తున్నాం. ఎండాకాలం, పొద్దున పదకొండు దాటింది. నందిగామ వెనకబడ్డాక నేను పాటలు పెట్టాను. రెండో పాట సగంలో ఉండగా మావయ్య చెయ్యి చాచి కట్టేశాడు. "ఉత్తి పుణ్యానికి పెట్రోలు తాగుతాయిరా ఇవి" అన్నాడు. ఏసీ మాత్రం నాలుగో నంబరు మీద ముఖానికి కొడుతూ నడుస్తూనే ఉంది.

నేనేమీ అనలేదు. ఆయన మాటలో సగం నిజముంది. కారులో ఏ మీట నొక్కినా చివరికి ఖర్చయ్యేది పెట్రోలే. "అది బ్యాటరీ మీద నడుస్తుంది, పెట్రోలుకేం సంబంధం?" అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకంటే మావయ్య ఒక మెట్టు పైనే. ఆయన దగ్గర లేనిదల్లా కొలత. ఏది చెంచాతో తాగుతుందో, ఏది చెంబుతో తాగుతుందో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. దానికి ముందు కాసేపు సైకిలెక్కాలి.

సైకిలుకు డైనమో ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకు ఈ సంగతి కాళ్లకే తెలుసు. చీకటి పడగానే వంగి, సీసాలాంటి ఆ డైనమోను టైరుకు ఆనించేవాళ్లం. గుర్రుమని శబ్దం, ముందు లైటు, దానితోపాటే పెడలు బరువెక్కడం. ఆ లైటు మహా అయితే నాలుగైదు వాట్లు. అంతమాత్రానికే ఎదురుగాలిలో తొక్కినట్టుండేది. టైరుకు రాసుకునే ఒరిపిడి కూడా అందులో కొంత ఉందనుకోండి. అసలు విషయం మాత్రం అదే: వెలుగు మన కాళ్లలోంచి వచ్చేది.

కారులోనూ ఇదే కథ, తొక్కేది ఇంజను. ఇంజను ముందు భాగంలో తిరిగే బెల్టు ఒక చిన్న యంత్రాన్ని తిప్పుతుంది. దాని పేరు ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే పిలుస్తారు. పాత అంబాసిడర్లలో ఉన్నది నిజంగా డైనమోయే కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. కారు నడుస్తున్నంతసేపూ లైట్లకూ, వైపర్లకూ, హారన్‌కూ, పాటలకూ కరెంటు ఇచ్చేది ఇదే. పనిలో పనిగా బ్యాటరీనీ నింపుతుంది.

"అది ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కదా, లైటు వేసినా వేయకపోయినా ఒకటే కదా" అని మీకు సందేహం రావచ్చు. చేదబావి గిలకను తలచుకోండి. ఖాళీ బొక్కెన పైకి లాగినా, నిండు బొక్కెన లాగినా గిలక తిరిగేది ఒకేలా. తేడా తెలిసేది లాగే చేతులకు. ఆల్టర్నేటర్ కూడా అంతే. కరెంటు అడిగేవాళ్లు లేనప్పుడు తేలిగ్గా తిరుగుతుంది. లైటు వేయగానే లోపలి అయస్కాంత శక్తిని రెగ్యులేటర్ పెంచుతుంది, ఇరుసు బిగుసుకుంటుంది, బెల్టు మీద లాగుడు పెరుగుతుంది. అప్పుడు ఇంజను మరికాస్త పెట్రోలు పీల్చుకుంటుంది.

నమ్మకం లేకపోతే మీరే చూడండి. ఆరుబయట, చీకటి పడ్డాక, కారును న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆన్‌లో ఉంచండి. ఏసీ ఆపండి. ఇప్పుడు హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు, బ్లోయరు ఫుల్లు, మూడూ ఒకేసారి వేయండి. ఇంజను గొంతు ఒక్క క్షణం తగ్గి, మళ్లీ సర్దుకుంటుంది. కొత్త కార్లలో కంప్యూటరు వెంటనే అందుకుంటుంది కాబట్టి చెవిపెట్టి వినాలి. పాత బండ్లలోనైతే బాగానే తెలుస్తుంది.

మరి బ్యాటరీ మాటేమిటి? అది చేబదులు ఇచ్చే పొరుగింటివాడు. ఇచ్చిన చక్కెర తిరిగి తీసుకుంటాడు, పైన ఒక గుప్పెడు ఎక్కువే తీసుకుంటాడు. ఇంజను ఆపి పాటలు వింటే ఖర్చయిన కరెంటును, మళ్లీ బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ నింపాలి. నింపడంలో కొంత వేడిగా పోతుంది కాబట్టి తీసుకున్నదానికంటే ఎక్కువే పోయాలి. పైగా ఆ పొరుగువాడు పెద్ద కలిగినవాడేమీ కాదు. చిన్న కార్లలో సాధారణంగా ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీని 12 వోల్టులతో హెచ్చిస్తే 420 వాట్-అవర్లు, అంటే అర యూనిట్ కూడా లేదు. హెడ్‌లైట్లు ఆర్పడం మరిచి పెళ్లికి వెళ్తే, భోజనాల బంతి లేచేసరికి సెల్ఫ్ తీసుకోకపోవడం అందుకే.

ఇక డబ్బుల్లోకి వద్దాం. ఒక లీటరు పెట్రోలును మండిస్తే సుమారు 9 యూనిట్ల శక్తి పుడుతుంది. ఇంట్లో మీటరు మీద చూసే యూనిట్ ఇదే. అందులో ఎక్కువ భాగం రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా వేడిగా పోతుంది. నడుస్తున్న ఇంజను మీద అదనంగా మోపిన బరువుకు మనకు దక్కేది మూడో వంతు, అంటే 3 యూనిట్లు. దాన్ని ఆల్టర్నేటర్ కరెంటుగా మార్చేటప్పుడు మళ్లీ మూడో వంతు పోతుంది. మిగిలేది 2 యూనిట్లు. బండిని బట్టి, వేగాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. మన లెక్కకు ఇవి చాలు.

లీటరు 110 రూపాయలు అనుకుందాం. అంటే కారులో తయారయ్యే కరెంటు యూనిట్ ఖరీదు 55 రూపాయలు. ఇంటి బిల్లులో అన్నిటికంటే పెద్ద శ్లాబులో కూడా యూనిట్ పది రూపాయల చుట్టూనే ఉంటుంది. దానికే మనం ఫ్యాన్లు ఆపండని పిల్లల మీద కేకలేస్తాం. అంటే ఇంటికంటే ఐదారు రెట్లు ఖరీదైన కరెంటు కంపెనీ మన బానెట్ కింద ఉందన్నమాట.

ఇది విని కంగారు పడాల్సిన పనిలేదు. యూనిట్ ఖరీదెక్కువైనా, కారులో చాలా వస్తువులు యూనిట్‌లో ఏ యాభయ్యో వంతో వాడతాయి. గుర్తుంచుకోవడానికి వీలుగా ఒక్క కొలత చెబుతాను: 100 వాట్లు గంటసేపు వాడితే 50 మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే ఐదున్నర రూపాయలు.

దీనితో మావయ్య పాటల సంగతి తేల్చవచ్చు. మామూలు చప్పుడుతో పాడే కారు స్టీరియో 20 వాట్లకు అటూ ఇటూ తీసుకుంటుంది. విజయవాడ నుంచి హైదరాబాదుకు ఐదు గంటలు అనుకుంటే 100 వాట్-అవర్లు. దారి పొడుగునా పాటలు వింటే ఖర్చు ఐదున్నర. సూర్యాపేటలో ఆగి తాగిన టీ అంతకంటే ఖరీదు. ఫోను ఛార్జింగ్ కూడా ఇదే తరగతి, పది ఇరవై వాట్లు. అద్దాలు దింపే మోటార్లు, హారన్, సెంట్రల్ లాక్ గట్టిగానే లాగుతాయి గానీ లాగేది క్షణాలపాటే. వీటిని లెక్కలోంచి తీసేయండి. డిక్కీ నిండా వూఫర్లు, ఆంప్లిఫయర్లు బిగించుకుని వీధి అద్దాలు అదరగొట్టే కుర్రవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పెట్రోలు కంటే ముందు బ్యాటరీ బెంగ పట్టుకుంటుంది.

వైపర్లు యాభై నుంచి వంద వాట్లు. వెనక అద్దం మీది సన్న తీగల హీటరు 120 నుంచి 200 దాకా లాగుతుంది. మంచు విడిపోయాక కూడా మరిచిపోయి అలాగే వదిలేసే మీట ఇదే. చాలా కార్లలో కాసేపటికి దానంతటదే ఆగిపోయేలా అమర్చారు, పాత వాటిలో ఆ సదుపాయం ఉండకపోవచ్చు. బ్లోయరు మొదటి నంబరులో ముప్పై నలభై వాట్లు వాడితే, ఆఖరి నంబరులో రెండు వందల దగ్గరికి వెళ్తుంది. స్టీరియో కంటే పది రెట్లు!

ఇక్కడ చాలామంది గమనించని కిటుకు ఒకటుంది. కారును నడిపించే పెట్రోలు కిలోమీటర్ల లెక్కన ఖర్చవుతుంది. కరెంటుకయ్యే పెట్రోలు గడియారం లెక్కన ఖర్చవుతుంది. చక్రం తిరిగినా తిరగకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది కదా. హైవే మీద గంటకు 80 కిలోమీటర్లు పోతున్నారనుకోండి. లీటరుకు 20 ఇస్తే గంటకు 4 లీటర్లు. అందులో 100 వాట్ల భారం 50 మిల్లీలీటర్లు, నూటికి ఒకటింబావు. అదే కారు అమీర్‌పేటలో సాయంత్రం ఏడింటికి గంటకు 20 కిలోమీటర్లు ఈడ్చుతూ, లీటరుకు 12 ఇస్తే గంటకు లీటరున్నర పైచిలుకు. అదే 100 వాట్లు ఇప్పుడు నూటికి మూడు. వస్తువు మారలేదు, వాట్లు మారలేదు, మైలేజీ మీద దెబ్బ మాత్రం రెండింతలు దాటింది. బెంజి సర్కిల్ ట్రాఫిక్కులో ఇరుక్కుని మైలేజీ పడిపోయిందని గింజుకునేవాళ్ల బాధలో ఇదీ కొంత భాగం.

ఇంతసేపూ చెంచాల సంగతి. చెంబు ఏసీ.

కారు ఏసీ నిజానికి కరెంటుతో నడిచే వస్తువు కాదు. మామూలు పెట్రోలు, డీజిలు కార్లలో దాని గుండెకాయ అయిన కంప్రెసరును బెల్టుతో నేరుగా ఇంజనే తిప్పుతుంది. కరెంటు చేసేది రెండు చిల్లర పనులు: కంప్రెసరును బెల్టుకు అతికించే అయస్కాంతపు క్లచ్చి, గాలి కొట్టే ఫ్యాన్లు. ఆ చిల్లరే రెండు వందల వాట్లకు తక్కువ కాదు. అసలు బరువు కంప్రెసరుది. ఎండలో నిలిపిన కారెక్కి ఏసీ వేసిన మొదటి నిమిషాల్లో అది రెండు మూడు కిలోవాట్లు లాగుతుంది. లోపల చల్లబడ్డాక సగటున కిలోవాటు దగ్గర నిలబడుతుంది. స్టీరియోతో పోలిస్తే యాభై రెట్లు. గంటకు పావు లీటరు నుంచి మూడో వంతు లీటరు దాకా, అంటే ముప్పై రూపాయల చుట్టూ. మావయ్య ఐదు గంటల ప్రయాణంలో ఏసీ ఖర్చు నూట యాభై. ఆపించిన పాటల ఖర్చు ఐదున్నర. తగువు ఇక్కడితో తీరింది గానీ, ఈ తీర్పు ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఎండ మండిపోతున్నప్పుడు, అందులోనూ చిన్న చిన్న దూరాలకు తిరిగినప్పుడు ఏసీ వల్ల మైలేజీ పావు వంతుకు పైగా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. చిన్న దూరాల మాట ఎందుకంటే, కారు చల్లబడేదాకా కంప్రెసరు ఒళ్లు విరుచుకుని పనిచేస్తుంది. చల్లబడేసరికి మనం దిగిపోతాం. మళ్లీ గంట తర్వాత కారు కొలిమి. మళ్లీ మొదటికి.

ఏసీ మానేయమని మేలో విజయవాడలో ఉండేవాళ్లకు చెప్పడం హాస్యాస్పదం. తక్కువ ఖర్చుతో వాడుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. ఎండలోంచి తీసిన కారులో లోపలి వేడి యాభై డిగ్రీలు దాటి ఉంటుంది, బయట నలభై మూడు. ఆ యాభైని ఏసీతో దింపడమెందుకు? అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడపండి, బయటి గాలే ఊడ్చుకుపోతుంది. ఆ తర్వాత అద్దాలెత్తి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కండి. చుట్టూ తిరిగే బాణం గుర్తు ఉంటుందే, అది. అప్పుడు ఏసీ చల్లబరచాల్సింది సగం చల్లబడ్డ గాలిని. బయటి గాలి మీటలో ఉంచితే నలభై మూడు డిగ్రీల గాలిని ప్రతిసారీ కొత్తగా చల్లబరుస్తూ ఉండాలి.

నీలం నుంచి ఎరుపు దాకా తిరిగే గుండ్రటి మీట గురించి కూడా చెప్పాలి. ఇంట్లో ఏసీని 18 నుంచి 26కు పెంచితే బిల్లు తగ్గుతుంది కదా, కారులోనూ మీటను ఎరుపు వైపు కొంచెం తిప్పితే పెట్రోలు మిగులుతుందని అనుకుంటాం. ఆటోమేటిక్ ఏసీ లేని మన సాదా కార్లలో చాలావరకు అలా జరగదు. ఆ మీట చేసేది ఇంజను వేడినీటి గొట్టం మీదుగా వచ్చే వెచ్చటి గాలిని కొంత కలపడం. కంప్రెసరు మునుపటిలాగే గాలిని చల్లబరుస్తుంది, మనం దాన్ని మళ్లీ వేడి చేసుకుంటాం. మజ్జిగలో ఐసు వేసి, చల్లగా ఉందని వేడినీళ్లు కలుపుకున్నట్టు. చలి ఎక్కువైతే ఆ మీట జోలికి పోకుండా బ్లోయరు నంబరు తగ్గించండి. ఫ్యాను కరెంటూ మిగులుతుంది, కంప్రెసరూ మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద చెంబు ఇంకోటుంది. కల్యాణ మండపాల బయట, ఆసుపత్రుల బయట చెట్టు నీడన కారు ఆపి, ఇంజను నడుస్తుండగా ఏసీలో కునుకు తీసే డ్రైవరన్నలను చూస్తుంటాం. నిలబడ్డ ఇంజను గంటకు అర లీటరు పైన తాగుతుంది. దానికి ఏసీ తోడైతే లీటరు చేరుతుంది. గంటకు నూట పది రూపాయలు, కదిలిన దూరం సున్నా. అన్నలను తప్పుపట్టను. కూర్చోవడానికి ఒక నీడ, ఒక ఫ్యాను చూపించకుండా మనం లోపలికి భోజనానికి వెళ్లిపోతాం మరి. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఇలా ఎప్పుడూ నిద్రపోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సిగ్నల్ దగ్గర ఇంజను ఆపితే, మళ్లీ సెల్ఫ్ కొట్టడానికే ఎక్కువ పెట్రోలు అవుతుందని కొందరు వాదిస్తారు. కార్బురేటర్ల కాలంలో ఆ మాటకు కొంత బలముండేది. ఇప్పటి ఇంజను ఒకటి రెండు సెకన్లలో అందుకుంటుంది. ఆ రెండు సెకన్లలో సెల్ఫ్ మోటారు వాడే కరెంటు ఒక మిల్లీలీటరు పెట్రోలుకు మించదు. నిలబడ్డ ఇంజను నిమిషానికి పది మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. సిగ్నల్ బోర్డు మీద అరవై సెకన్లు కనిపిస్తే ఆపేయడమే లాభం. పది సెకన్లయితే వదిలేయండి.

కారులో నిజంగా ఉచితంగా వచ్చే కరెంటు కూడా ఒకటుంది. తిరుమల కొండ దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, ఇప్పటి కార్లలో ఇంజనుకు పెట్రోలు దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు ఇంజనును తిప్పేది కొండ వాలు. ఆల్టర్నేటరును తిప్పేదీ అదే. అంతసేపూ వాడిన లైట్లు, పాటలు వేంకటేశ్వరస్వామి ఖాతాలోకి వెళ్తాయి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో కొండ దిగేవాళ్లు ఈ ఉచితాన్ని పోగొట్టుకుని, బ్రేకులనూ కాల్చుకుంటున్నారు. మారుతి 2015లో సియాజ్‌తో మొదలుపెట్టిన స్మార్ట్ హైబ్రిడ్ లాంటి ఏర్పాట్లు ఈ సూత్రం మీదనే నిలబడ్డాయి. బండి నెమ్మదించేటప్పుడు కరెంటు పట్టి దాచుకుని, వేగం అందుకునేటప్పుడు ఇంజనుకు సాయం చేస్తాయి.

కంపెనీ చెప్పిన మైలేజీ రాకపోవడానికి కూడా ఇక్కడొక కారణం దొరుకుతుంది. ఆ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నడిపి, ఏసీ ఆపి, లైట్లు ఆర్పి కొలిచినది. మనం నడిపేది మేలో, రోడ్డు మీద.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ లెక్క మరీ పారదర్శకంగా ఉంటుంది. అక్కడ కంప్రెసరుకు కూడా బ్యాటరీయే దిక్కు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారులో కిలోవాటు చొప్పున గంట ఏసీ వేస్తే నూటికి మూడు పైచిలుకు తరుగుతుంది, తెర మీద కిలోమీటర్లు కళ్లముందే పడిపోతాయి. ఖర్చు మాత్రం ఇంటి కరెంటు ధరలో పది రూపాయలే. మంచు దేశాల్లో ఉన్న మనవాళ్లకు బాధ ఇంకోలా ఉంటుంది. పెట్రోలు కారుకు ఇంజను వేడి ఉచితం కాబట్టి హీటరు ఉచితం. ఎలక్ట్రిక్ కారులో ఆ వేడి కూడా బ్యాటరీయే పుట్టించాలి. కారు లోపలంతా వేడెక్కించేకంటే సీటు హీటరు చవక అని అక్కడివాళ్లు ఒక్క చలికాలంలో నేర్చుకుంటారు.

చివరగా లైట్ల గురించి. పాత హాలోజన్ బల్బులు డిమ్‌లో ఒక్కొక్కటి 55 వాట్లు. రెండు, వెనక దీపాలు, డ్యాష్‌బోర్డు కలిపి 150. గంటకు 75 మిల్లీలీటర్లు, ఎనిమిది రూపాయలు. ఎల్ఈడీలైతే అందులో మూడో వంతు. బజారులో 100 వాట్ల బల్బులు బిగించేవాళ్లు ఉంటారు. దాంతో ఖర్చు పెరగడం అటుంచి, ఎదుటివాడి కళ్లు పోతాయి, మీ వైర్లు కాగుతాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు పగలు కూడా హెడ్‌లైటు వెలగాలన్న నిబంధన వచ్చినప్పుడు మైలేజీ పోతుందని గోల చేసినవాళ్లున్నారు. 35 వాట్ల బల్బుకు పెట్రోలులో సాధారణంగా పోయేది నూటికి రెండు చుట్టూనే. శాశ్వత అయస్కాంతంతో కరెంటు పుట్టించే చాలా బైకుల్లో మిగులు కరెంటు ఎలాగూ వేడిగా వృథా అవుతుంది కాబట్టి అంత కూడా పోదు.

మునిమాపు వేళ "ఇంకా వెలుతురు ఉందిలే" అంటూ లైట్లు వేయకుండా నడిపేవాళ్లు హైవే మీద ఇప్పటికీ కనిపిస్తారు, మా మావయ్యతో సహా. గంటకు ఎనిమిది రూపాయలే మావయ్యా. అవి ఎదుటి లారీవాడికి నువ్వు కనబడటానికి. పాటలు కావాలంటే ఆపేద్దాం, లైట్లు వెయ్యి.